నీడలో రెండున్నర గంటలు

నా పేరు హనుమయ్య. నూజివీడులో ఇరవై రెండేళ్ళు మామిడికాయల ప్యాకింగు చేసి, ఆ తర్వాత కాలేజీలో అటెండరుగా చేరాను. ఈ రెండు పనులకీ ఏం సంబంధమని అందరూ అడుగుతారు. నేను మాత్రం ఉందనే అనుకున్నాను. అలా అనుకోబట్టే ఒక ఆడపిల్ల పరువు నా చేతిలో పడి నలిగింది. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మధ్యమధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే ఏమీ అనుకోకండి, అది నా అలవాటు.

నడుం పట్టేసి గంపలెత్తలేని పరిస్థితి వచ్చాక సుబ్రహ్మణ్యం గారి మండీ మానేశాను. కాలేజీ జువాలజీ డిపార్టుమెంటులో రోజు కూలి మీద పెట్టుకున్నారు. గాజు గొట్టాలు కడగడం, ఐసు తేవడం, తాళాలు వెయ్యడం. పర్మినెంటు చేస్తామని ఒక ఫైలు కూడా కట్టారు. అది హెడ్డు లక్ష్మీనరసింహారావు గారి బల్ల మీదికి చేరి అక్కడే స్థిరపడింది.

ప్రమీలారాణి ఎనభై నాలుగులో వచ్చింది. బాపులపాడు దగ్గర రైతుల పిల్ల. లక్ష్మీనరసింహారావు గారి దగ్గర పీహెచ్‌డీకి చేరింది. ఇంత చదువు చదివి ఆ పిల్ల పట్టుకున్నది దేన్నయ్యా అంటే, గొర్రె పొట్టలో ఉండే పురుగుని. దారప్పోగంత సన్నం, వేలి కణుపంత పొడవు. ఎరుపూ తెలుపూ మెలిపెట్టినట్టుంటుంది. గొర్రె రక్తం తాగి బతుకుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను మొహం తిప్పుకున్నాను. ఆ పిల్ల మాత్రం ముచ్చటపడుతూ చూసింది.

"వీటిని ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయిలో నాకు నచ్చింది ఏంటంటే, అటెండరువి నీకెందుకు అనదు. గొట్టాలు కడుగుతున్న నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"దీని ఒంట్లో కణాలుంటాయి కదా బాబాయ్ గారూ, ఒక్కో కణంలో వేల రకాల ప్రోటీన్లు పనిచేస్తుంటాయి. పాతబడినవీ, వంకరపోయినవీ అలాగే ఉండిపోతే కణం చచ్చిపోతుంది. వాటిని ఏరి ముక్కలు చెయ్యాలి. ఆ పని ఏ ఒక్క ప్రోటీనూ ఒంటిగా చెయ్యలేదు. యుబిక్విటిన్ అని చిన్నది ఒకటుంది. దాన్ని తీసుకెళ్ళి పనికిరాని ప్రోటీనుకి గుర్తుగా తగిలిస్తారు. ముక్కలు చేసేది వేరే ఉంటుంది. గుర్తు ఉన్నదాన్నే పట్టుకుంటుంది, లేనిదాని జోలికి పోదు."

"అయితే ఇద్దరూ కలిస్తేనే పని."

"అంతే. మనుషుల్లో, కుందేళ్ళలో ఇది చూశారు. ఈ పురుగులో ఎవరూ చూడలేదు. ఉందని చూపించగలిగితే, రేపు దాన్ని ఆపే మందు గురించి ఆలోచించొచ్చు. ఆగితే పురుగు చస్తుంది, గొర్రె బతుకుతుంది."

ఆ అమ్మాయి చేసేదీ అదే. పురుగుల్ని గాజు గొట్టంలో మెత్తగా నూరి, తిప్పి, తేరిన నీళ్ళని రెండు భాగాలుగా విడగొట్టేది. ఒకటో సీసా, రెండో సీసా. పాల నుంచి తీసిన ప్రోటీను కాస్త, శక్తి కోసం ఇంకో పొడి కాస్త కలిపి గోరువెచ్చటి నీళ్ళలో గంటసేపు పెట్టేది. ప్రోటీను ముక్కలైతే చివర్లో వేసే మందుకి నీలం రంగు తేలుతుంది. ఒకటో సీసా ఒక్కటే వేస్తే రంగు రాదు. రెండోది ఒక్కటే వేసినా రాదు. రెండూ కలిపితే నీలం. మొట్టమొదటిసారి అలా వచ్చినప్పుడు ఆ గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టి నాకు చూపించింది. నాకూ సంతోషమే అయింది. పురుగుల్ని తెచ్చింది నేనే కదా.

తేవడం ఎలాగో చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. తెల్లవారుజామున అయిదున్నరకి కబేళాకి వెళ్ళేవాణ్ణి. కసాయి సలోమోను గొర్రెని కోసి పొట్ట నా ముందు పడేసేవాడు. దాన్ని చీల్చి, పురుగుల్ని వెచ్చటి ఉప్పునీళ్ళలో జాడించి, ఫ్లాస్కులో పోసుకుని, సైకిలు మీద ఆరుంపావుకల్లా కాలేజీకి తెచ్చేవాణ్ణి. వచ్చీ రాగానే ఐసులో పెట్టాలి. పది నిమిషాలు దాటకూడదు. ఎన్నింటికి కోశారు, ఎన్నింటికి కాలేజీకి చేరాయి, ఎన్నింటికి ఐసులో పెట్టారు అని నోటుబుక్కులో గడులు గీసి ఇచ్చింది. ఆ అమ్మాయి తన గది నుంచి వచ్చేసరికి తొమ్మిదయ్యేది.

ఇక నా సంగతి. చెట్టు మీంచి దింపిన కాయ ఎండకి కాలి ఉంటుంది. దాన్ని అలాగే గంపలో పేర్చి గడ్డి కప్పి బిగిస్తే మూడో రోజుకి లోపల్నించి కుళ్ళు పడుతుంది. ముందు నీడన పరచాలి. సొన కారనివ్వాలి. అరచెయ్యి ఆనించి చూసి, వేడి దిగిందనుకున్నాకే గంపకెత్తాలి. ఎంతసేపని అడిగితే చెప్పలేం. బంగినపల్లికి ఒక లెక్క, చిన్నరసానికి ఒక లెక్క. చెయ్యి చెబుతుంది. తొందరపడి వేడి మీద గంప కట్టినవాణ్ణి సుబ్రహ్మణ్యం గారు మళ్ళీ మండీ గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు.

మొదటి రోజు ఫ్లాస్కు మూత తీశాను. లోపల నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. పక్కనే ఊకలో కప్పిపెట్టిన ఐసు దిమ్మ. ఆ వేడి మీద తీసుకెళ్ళి ఐసులో పెట్టమంటారు. నాకు చెయ్యి రాలేదు. చదువుకున్నవాళ్ళకి కోసినదాని వేడి గురించి ఏం తెలుసులే అనుకున్నాను. ఎనామిల్ గిన్నెలో పోసి, తడిగుడ్డ కప్పి, డిపార్టుమెంటు వెనక రేకుల షెడ్డు నీడన పెట్టాను. అప్పుడప్పుడూ వేలు ముంచి చూసేవాణ్ణి. వేడి బాగా దిగిందనిపించాక తీసి ఐసులో పెట్టాను. ఎనిమిదీ నలభై అయివుంటుంది. నోటుబుక్కులో మాత్రం ఆరూ ఇరవై అని రాశాను.

ఎందుకు రాశావయ్యా అంటే, రాసిచ్చిన పద్ధతి తప్పానంటే ఉద్యోగం పోతుందని భయం. పద్ధతి పాటిస్తే సరుకు పాడవుతుందని ఇంకో భయం. రెండూ తీరే దారి అదొక్కటే కనబడింది. మూడేళ్ళు అదే చేశాను, అదే రాశాను. మధ్యలో ఒకసారి నాకు జ్వరం వచ్చి వారం రాకపోతే ఆ అమ్మాయే స్వయంగా పురుగుల్ని తెచ్చుకుంది. ఆ వారం రంగు రాలేదు. పొడి పాతబడిందేమోనని కొత్త పొడి తెప్పించుకుంది. నేను తిరిగొచ్చాక రంగు వచ్చింది. చూశారా, కొత్త పొడి గుణం అంది.

ఎనభై ఆరు డిసెంబరులో ఏదో సభలో ఈ సంగతంతా చదివి వచ్చింది. పేపరు అచ్చయింది. లక్ష్మీనరసింహారావు గారు అందరికీ కాఫీలు తెప్పించారు.

మరుసటి మే నెలలో ఉత్తరం వచ్చింది. ఉత్తరాదిన ఎవరో ఇదే పురుగుతో, ఇదే పద్ధతిలో, అయిదుసార్లు చేసి చూశారట. నీలం రంగు ఒక్కసారీ రాలేదట. మీరు అచ్చువేసిన అంకెలు ఎలా వచ్చాయో చెప్పమని మర్యాదగా అడిగారు. మర్యాదగా అడిగే ప్రశ్న ఒక్కోసారి తిట్టుకంటే గట్టిగా తగులుతుంది.

లక్ష్మీనరసింహారావు గారు ఆ అమ్మాయిని పిలిపించారు. నేను గదిలో ఫ్యాను తుడుస్తున్నాను.

"నేను నిన్నేమీ అనడం లేదు ప్రమీలా. మూడు రోజులు నా కళ్ళ ముందు చెయ్యి. ఒక్క రోజు వచ్చినా చాలు, వాళ్ళకి నేనే జవాబు రాస్తాను. రాకపోతే పేపరు వెనక్కి తీసుకుంటున్నామని రాయాలి. అలా రాశాక నీకు డిగ్రీ ఇమ్మని నేను ఎవర్నీ అడగలేను."

"అంకెలు నేను కల్పించానని అనుకుంటున్నారా సార్?"

ఆయన ఆ ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టుకున్నారు.

ఆ మూడు రోజులూ అన్నీ తన చేత్తోనే చేస్తానంది. ఎవరి చెయ్యీ పడకూడదని నన్ను ఐసు మొయ్యడానికి మాత్రమే పెట్టుకుంది. సోమవారం తెల్లవారుజామున కబేళాకి తనే వచ్చింది. ముక్కుకి చీర కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా పొట్ట చీల్చి, పురుగులు ఏరి, అక్కడికక్కడే ఐసులో పెట్టేసింది. నా అరచెయ్యి జిలపెట్టింది. కాస్త వేడి దిగనివ్వండమ్మా అనబోయి మింగేశాను.

మధ్యాహ్నం గొట్టాలు చూశాం. ఒకటో సీసా తెలుపు. రెండో సీసా తెలుపు. రెండూ కలిపినదీ తెలుపే. లక్ష్మీనరసింహారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, రేపు చూద్దాం అని వెళ్ళిపోయారు.

మంగళవారం కూడా అంతే. ఆయన ఈసారి రేపు చూద్దాం అని కూడా అనలేదు. ఆ అమ్మాయి సింకు దగ్గర నిలబడి కడిగిన గొట్టాల్నే మళ్ళీ కడుగుతోంది. అప్పుడు తట్టింది నాకు. తను ఎంత జాగ్రత్తగా చేస్తే అంత చెడుతోంది. నేను తెస్తేనే వస్తోంది. నేను చేసేదీ తను చెయ్యనిదీ ఈ భూమ్మీద ఒక్కటే ఉంది.

సాయంత్రం ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చుంటే మా ఆవిడ తులసమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చోవడం చూసి ఏంటి సంగతి అంది. మొత్తం చెప్పాను. నోటుబుక్కు సంగతి కూడా.

"మరి చెప్పవేం ఆ పిల్లకి?"

"చెబితే నా రాతలన్నీ దొంగరాతలని తేలదూ? ఫైలు ఆయన బల్ల మీదే ఉంది."

"మూడేళ్ళ నుంచీ ఉంది. ఇంకో మూడేళ్ళున్నా దానికి వచ్చిన నష్టం లేదు. ఆ పిల్లకి రేపే ఆఖరు." అని గ్లాసు నా చేతిలోంచి తీసుకుని తనే తాగేసి లోపలికి వెళ్ళిపోయింది. మా ఆవిడకి నాతో వాదించే ఓపిక ఎప్పుడూ లేదు.

బుధవారం నేను కబేళాకి వెళ్ళేసరికి ప్రమీలారాణి పురుగుల్ని జాడిస్తోంది. రెండు రోజుల్లో చిక్కిపోయింది. ఫ్లాస్కు పట్టుకుని ఐసు డబ్బా మీదికి వంగింది.

"ఆగండమ్మా," అన్నాను.

వంగింది వంగినట్టే నా వైపు చూసింది. ఇరవై రెండేళ్ళ ప్యాకింగు గురించి మొదలుపెట్టాను. అక్కణ్ణించి షెడ్డు నీడకీ, ఎనామిల్ గిన్నెకీ, తడిగుడ్డకీ వచ్చాను. నోటుబుక్కు ఊసు ఎత్తకుండా ఆపేద్దామనుకున్నాను. అయినా చెప్పాను. సలోమోను కత్తి నూరడం ఆపి వింటున్నాడు.

"ఎన్నిసార్లు?" అంది.

"నేను తెచ్చిన ప్రతిసారీనమ్మా."

"మూడేళ్ళూ?"

"మూడేళ్ళూ."

తిడుతుందనుకున్నాను. తిట్టివుంటే బాగుండేది. పురుగుల్ని రెండు వాటాలు చేసింది. ఒకటి ఐసులో పెట్టింది. రెండోది నా చేతికిచ్చింది.

"మీరు ఎలా పెట్టేవారో అలాగే పెట్టండి హనుమయ్య గారూ," అంది.

మూడేళ్ళుగా బాబాయ్ గారూ అన్న నోరు అది. నేను సైకిలు తోసుకుంటూ వెనక నడిచాను.

షెడ్డు నీడన గిన్నె పెట్టి తడిగుడ్డ కప్పాను. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి వాచీ చూసుకుంటూ కాగితం మీద రాసుకుంటోంది. ఎప్పుడూ ఎవరూ చూడని పని అది. వేలు ముంచాను, ఇంకా కాదన్నాను. మళ్ళీ ముంచాను, ఇంకా కాదన్నాను. చివరికి ఇప్పుడు అన్నాను. రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు, అని పైకి చదివింది. అప్పటికి గాని ఆ పనికి ఒక కొలత ఉంటుందని నాకు తెలియలేదు.

రెండు వాటాల్నీ విడివిడిగా నూరింది. పగలంతా ఆ పనే. సాయంత్రం నాలుగున్నరకి లక్ష్మీనరసింహారావు గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆరు గొట్టాలు స్టాండులో పెట్టి మందు వేసింది. ఐసు వాటా మూడు గొట్టాలూ తెలుపు. నీడన పెట్టిన వాటాలో ఒకటో సీసా తెలుపు, రెండో సీసా తెలుపు. రెండూ కలిపినది మెల్లగా, అడుగు నుంచి, నీలమైంది.

ఆయన లేచి నిలబడ్డారు. "వచ్చిందిగా," అన్నారు. ఆయన గొంతులో అంత రిలీఫు ఉంటుందని నేను అనుకోలేదు. "ఇంకేం. ఇవాళే వాళ్ళకి జవాబు రాస్తాను. ఏంటి తేడా?"

"ఇది రెండున్నర గంటలు తిండి లేకుండా నీడన ఉంది సార్. ఆకలేసి తన ఒళ్ళు తనే కరగదీసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు గుర్తు తగిలించేదీ, ముక్కలు చేసేదీ రెండూ చురుకైనట్టున్నాయి. గొర్రె పొట్టలోంచి తిన్నంగా ఐసులోకి వెళ్ళినదానికి ఆ అవసరం రాలేదు. వాళ్ళు చేసిందీ తప్పు కాదు, మనకి వచ్చిందీ అబద్ధం కాదు."

"చాలా మంచి సంగతి. ఇన్నాళ్ళూ మరి మనకి ఎలా వచ్చింది?"

ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు. గొట్టాల వైపే చూస్తూ నిలబడింది. చెప్పాలంటే తనే చెప్పొచ్చు. చెప్పకుండా ఏదో ఒకటి సర్దేసినా ఆయన నమ్మేవారే, నా ఫైలూ భద్రంగా ఉండేది. నన్ను పట్టివ్వకుండా, నన్ను కాపాడకుండా ఊరికే నిలబడింది. అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేరు.

"నేనండి," అన్నాను. "నేనే నీడన పెట్టేవాణ్ణి. బుక్కులో పది నిమిషాల లోపేనని రాసేవాణ్ణి. ఆ అమ్మాయికి తెలియదండి. ఇవాళ పొద్దున్నే చెప్పాను."

లక్ష్మీనరసింహారావు గారు కళ్ళజోడు తీశారు, ఈసారి తుడుచుకోలేదు. ఆ అమ్మాయితో అన్నారు, "అయితే అచ్చయిన పేపర్లో పది నిమిషాలన్నది తప్పు. దిద్దుతూ రాయాలి. నోటుబుక్కుల్లో ఏ రోజు ఎంతసేపు పెట్టాడో తెలియదు కాబట్టి మూడేళ్ళ అంకెల్లో ఒక్కటి కూడా థీసిస్‌లోకి రాదు. తెలుసా?"

"తెలుసు సార్."

"మళ్ళీ మొదట్నించీ."

"చేస్తాను సార్."

"నిన్ను అనుమానించాను ప్రమీలా. అది నా తప్పు." అని ఆయన తలుపు దాకా వెళ్ళి నా దగ్గర ఆగారు. "నీ ఫైలు మీద ఈ ఏడు సంతకం పెట్టను హనుమయ్యా. ఎందుకో నేను చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు నిజమే. అయినా ఒళ్ళు మండింది. ఆ నీలం రంగు నా వేలి పుణ్యమే కదా అని మనసులో అనుకున్నాను. ఆయన వెళ్ళిపోయారు. ప్రమీలారాణి స్టూలు మీద కూర్చుని, రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది. పరువు దక్కినందుకో, మూడేళ్ళు పోయినందుకో నాకు తెలియదు. రెండూ అయివుంటాయి.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"అయిపోయింది." కళ్ళు తుడుచుకుంది. "మీరు చెప్పకపోయి ఉంటే రేపు పెట్టె సర్దుకుని బాపులపాడు వెళ్ళేదాన్ని. మా నాన్నకి ఏమని చెప్పాలో రాత్రంతా ఆలోచించాను. పోనీ మీరు చెప్పారు కదా అని సంతోషపడదామా అంటే, మొదటిరోజే చెప్పి ఉంటే నాకు ఈ మూడేళ్ళూ మిగిలేవి. ఎటు తిరిగినా మీరే కనిపిస్తున్నారు. నా కోపం అంత తొందరగా పోదు హనుమయ్య గారూ."

"పోకూడదమ్మా."

"అరగంట నీడలో, గంట నీడలో, రెండు గంటలు, నాలుగు గంటలు. ఎంతసేపటికి ఆ రెండూ చురుకవుతాయో విడివిడిగా చూడాలి. సలోమోను దగ్గర్నించి పురుగులు చెడకుండా తేవడం మీ అంత బాగా నాకు రాదు. అది ఒప్పుకోవడమే నాకు కష్టంగా ఉంది. రేపు అయిదున్నరకి రండి."

వస్తానని చెప్పి తాళాలు వేశాను. ఇంటికెళ్ళి తులసమ్మకి చెబితే, అన్నం తినమంది, అంతే. మర్నాడు అయిదింటికే బయల్దేరాను, ఆ పిల్ల వచ్చేసరికి అన్నీ సిద్ధంగా పెట్టి ఉంచాలని. కబేళా గుమ్మంలో అప్పటికే నిలబడి ఉంది ప్రమీలారాణి. నేను గొర్రె దగ్గరికి వెళ్ళాను. నాతో పాటే వచ్చి, నా భుజం పక్కన నిలబడి, సలోమోను కత్తి పెట్టగానే వాచీ చూసుకుంది. మూడేళ్ళలో ఆ అమ్మాయి నన్ను ఒక్కసారి కూడా అలా కనిపెట్టి చూడలేదు. నా మాట మీద అంత నమ్మకం ఉండేదని అప్పుడు తెలిసింది నాకు.